పన్ను, నీటి చార్జీల పెంపుపై అభ్యంతరం ఇచ్చే ముందు జాగ్రత్తలు

జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఆస్తిపన్ను గానీ నీటి చార్జీలు గానీ పెంచుతామని ముసాయిదా ప్రకటించినప్పుడు, విశాఖవాసులు ముందుగా వీటిని సరిచూసుకోవాలి.

గడువు తేదీని ప్రకటనలోనే చదవండి. గడువు దాటి అందిన అభ్యంతరం ఎంత న్యాయమైనదైనా పక్కన పెట్టే వీలుంటుంది.

అభ్యంతర పత్రం రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదానిపై తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటకు సాక్ష్యం మిగలదు.

పెంపు శాతాన్ని రూపాయల్లోకి మార్చి రాయండి. 2021 నుంచి ఆస్తిపన్నును మూలధన విలువపై (అంటే స్థలం, కట్టడం విలువపై) లెక్కిస్తూ, ఏటా పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. వినడానికి ఇది చిన్నదే అయినా, ప్రతి ఏడూ కిందటి ఏడాది మొత్తంపైనే పెంపు పడుతుంది కాబట్టి, 4,000 రూపాయల పన్ను అదే వేగంతో ఐదేళ్లలో 8,000 దాటుతుంది. పింఛనుతో బతికే ఇంటికి ఇది మందుల ఖర్చుతో పోటీపడే భారమని నా అభిప్రాయం.

‘పెంపు వద్దు’ అని మాత్రమే రాసి ఊరుకోకండి. రైవాడ, తాటిపూడి, ఏలేరు జలాశయాల నుంచి నీరు తేవడానికి ఖర్చవుతుందన్నది నిజమే. అందుకే పంపింగ్ వ్యయమెంత, లీకేజీ నష్టమెంత అని లెక్క అడగాలి.

అసెస్‌మెంట్ నంబరు (మీ ఆస్తిపన్ను ఖాతా సంఖ్య), వార్డు, పాత రసీదు నకలు జతచేయండి.

అద్దెకున్నవారూ రాయాలి, ఆ భారం చివరకు అద్దెలోకే చేరుతుంది.

అభ్యంతరం ఇచ్చామని పాత పన్ను కట్టడం ఆపకండి, బకాయిపై వడ్డీ పడుతుంది.