చెరువులోకి వ్యర్థజలాలు వదులుతున్నప్పుడు ఫిర్యాదును కట్టుదిట్టం చేసుకోవడం ఎలా?

చెరువులో చేపలు చచ్చి తేలితే ముందుగా ఫొటోలు తీస్తాం. తీయవలసిందే గానీ, కాలుష్య నియంత్రణ మండలి అయినా, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ అయినా చివరికి చూసేది అంకెలను, ఆ అంకెలు ఏ పద్ధతిలో వచ్చాయన్న సంగతిని.

మొదట, పరిశ్రమకు మండలి ఇచ్చిన సీఎఫ్‌ఓ (పరిశ్రమ నడపడానికి అనుమతి పత్రం) ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏ మేరకు వ్యర్థజలం, ఎక్కడికి వదలవచ్చో అందులోని షరతులే చెబుతాయి. వాగులు, చెరువుల వంటి ఉపరితల జలాల్లోకి వదిలే నీటికి సాధారణ పరిమితి లీటరుకు బీఓడీ (నీటిలోని మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్) 30, సీఓడీ (మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్) 250 మిల్లీగ్రాములు.

తరువాత నమూనాలు. వ్యర్థజలం కలిసే చోట, దానికి ఎగువన, అలుగు దగ్గర విడివిడిగా తీయండి. సీసాను గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, తేదీ, వేళ, చోటు రాసిన చీటీ అంటించి, ఐసు వేసిన థర్మాకోల్ పెట్టెలో అదే రోజు ల్యాబుకు చేర్చాలి. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను మాత్రం గట్టు మీదనే, తెల్లవారుజామున మీటరుతో కొలవాలి. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం కొలిస్తే, ఎండకు నాచు వదిలే ఆక్సిజన్ వల్ల నీరు బాగున్నట్టే కనిపిస్తుంది. రాత్రంతా ఆ నాచే దాన్ని వాడుకుంటుంది కనుక చేపలకు ఊపిరాడనిది తెల్లవారేముందే. చేపలు బతికే నీటికి కేంద్ర మండలి పెట్టిన కనీస స్థాయి లీటరుకు 4 మిల్లీగ్రాములు.

తాము తీయించిన పరీక్షే సాక్ష్యంగా చాలనుకుని ఇక్కడే చాలామంది పొరపడతారు. 1974 నాటి జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, పరిశ్రమ వ్యర్థజలం నమూనాను మండలి అధికారి నోటీసు ఇచ్చి, యజమాని ఎదుట రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకాలు చేయించి పంపితేనే ఆ ఫలితం సాక్ష్యంగా చెల్లుతుంది. కాబట్టి మీ నివేదికను జతచేసి, అలాంటి నమూనా తీయాలని మండలిని రాతపూర్వకంగా కోరి, రసీదు దాచుకోండి. అయితే హరిత ట్రైబ్యునల్‌ను ఏర్పరచిన 2010 చట్టం ప్రకారం ట్రైబ్యునల్ సాక్ష్య చట్ట నియమాలకు కట్టుబడి ఉండనక్కరలేదు. మీ నివేదికను అక్కడ నేరుగా దాఖలు చేయవచ్చు.

నీటిలో ఉన్నది ప్రమాణాలే లేని రసాయనమైతే? పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో శాస్త్రవేత్తలు ప్రకటించేనాటికి యాంటీబయాటిక్‌లకు పరిమితి అంటూ ఏదీ లేదు. అలాంటప్పుడు, హాని శాస్త్రీయంగా పూర్తిగా రుజువయ్యేదాకా ఆగకుండా ముందే నివారించాలనే ముందుజాగ్రత్త సూత్రాన్ని ఎత్తిచూపాలి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల కేసులో 1999లో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరిస్తూ, హాని లేదని నిరూపించే భారాన్ని పరిశ్రమపైనే మోపింది. పర్యావరణ న్యాయస్థానాల్లో శాస్త్ర నిపుణులూ ఉండాలని ఆ తీర్పే గట్టిగా చెప్పింది. నేటి ట్రైబ్యునల్‌లో న్యాయమూర్తుల పక్కన నిపుణ సభ్యులు కూర్చుంటున్నారు.

తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ మండల బెంచికి వెళ్తాయి. వివాదానికి కారణం ఏర్పడిన 6 నెలల్లోగా, పరిహారానికీ చెరువు పునరుద్ధరణకూ అయితే 5 ఏళ్లలోగా దరఖాస్తు చేయాలి. అభ్యర్థనలో ‘తగు చర్యలు తీసుకోవాలి’ అని వదిలేయకుండా, పూడిక ఎవరి ఖర్చుతో తీయాలో, దాన్ని ఎక్కడికి తరలించాలో, నీటిని ఎన్ని నెలలకోసారి పరీక్షించాలో విడివిడిగా రాయండి.