పేకముక్కల లెక్కలో ‘కనీసం ఒకటి’ అని కనిపిస్తే

52 ముక్కల కట్టలోంచి రెండు తీస్తే కనీసం ఒక ఆసైనా వచ్చే సంభావ్యత ఎంత? చాలామంది 4/52 + 4/52 అని కూడేసి 2/13 రాసేస్తారు. రెండూ ఆసులే పడే సందర్భం అందులో రెండుసార్లు లెక్కకొచ్చింది, అందుకే తప్పు.

తిరగేసి చేయండి: ముందు ఒక్క ఆసూ రాని సంభావ్యత కనుక్కోండి. ఆసులు కానివి 48. మొదటి ముక్కకు 48/52, దాన్ని పక్కన పెట్టేశాం కాబట్టి రెండోదానికి 47/51. గుణిస్తే 188/221. 1లోంచి తీసేస్తే 33/221, సుమారు 14.9 శాతం.

సరిచూడాలంటే చక్కటి దారి ఉంది: 2/13 అంటే 34/221. రెండూ ఆసులయ్యే సంభావ్యత 4/52 × 3/51 = 1/221. తేడా సరిగ్గా అంతే!

మొదటి ముక్కను తిరిగి కట్టలో కలిపితే మాత్రం రెండోసారీ 48/52, జవాబు 25/169. ప్రశ్నలో ముందు ఆ మాటే వెతకండి.