వేదికపై మోడలర్ గిటార్ బాగా పలకాలంటే

ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకొని గంటల తరబడి తీర్చిదిద్దుకున్న ప్యాచ్ (భద్రపరచుకున్న టోన్ అమరిక), వేదిక ఎక్కగానే కింది స్వరాల్లో దద్దరిల్లుతూ పై స్వరాల్లో చెవులను కోయడం మోడలర్ (ఆంప్లిఫయర్, స్పీకర్, ఎఫెక్ట్‌ల ధ్వనిని అనుకరించే డిజిటల్ యంత్రం) వాడే చాలామంది గిటారిస్టులకు ఎదురయ్యేదే. యంత్రాన్ని నిందించే ముందు చెవి తీరును తెలుసుకోవాలి. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు బాస్ (కింది స్వరాలు), ట్రెబుల్ (పై స్వరాలు) మన చెవికి సరిగా అందవని ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపారు. అందుకే ఇంట్లో మనకు తెలియకుండానే ఆ రెండింటినీ పెంచుకుంటాము. వేదికపై శబ్దం పెరిగేసరికి అవి మితిమీరుతాయి.

కాబట్టి ప్యాచ్‌ను వేదిక శబ్దంలోనే తయారు చేసుకోవాలి. పక్కవారితో మాట్లాడాలంటే గొంతు పెంచవలసి వచ్చేంతగా, సుమారు 85 నుంచి 90 డెసిబెల్స్ వద్ద, స్పీకర్ ద్వారా, డ్రమ్స్, బాస్ గిటార్ రికార్డింగ్ వెనుక మోగుతుండగా సరిచేసుకోవాలి. ఒంటరిగా విన్నప్పుడు కాస్త పలుచగా అనిపించే టోనే బ్యాండ్‌లో నిలబడుతుందని నా అనుభవం.

గిటార్‌లో అతి మందపు తీగ 82 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంతకంటే దిగువన ఉండేది బాస్ గిటార్‌కూ కిక్ డ్రమ్‌కూ చెందిన చోటు కనుక, లో కట్‌ను (కింది స్వరాలను కోసే ఫిల్టర్‌ను) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య పెట్టాలి. నిజమైన గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక బాగా తగ్గిపోతుంది కాబట్టి హై కట్‌ను (పై స్వరాలను కోసే ఫిల్టర్‌ను) 6, 7 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవితో సవరించుకోవాలి. మిడ్స్‌ను (మధ్య స్వరాలను) మాత్రం తగ్గించవద్దు. గిటార్ వినబడేది అక్కడే. ఇంట్లో పెట్టుకున్న గెయిన్‌ను (డిస్టార్షన్ మోతాదును) కొంత తగ్గించాలి. రివర్బ్‌నూ (ప్రతిధ్వనినీ) తగ్గించాలి, ఎందుకంటే హాలు తన ప్రతిధ్వనిని తానే కలుపుతుంది.

పి.ఏ.కు (హాలు స్పీకర్ల వ్యవస్థకు) నేరుగా పంపేటప్పుడు క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ స్పీకర్ పెట్టె ధ్వని అనుకరణ) తప్పనిసరి. అది లేకపోతే డిస్టార్షన్ (గిటార్ గరుకు ధ్వని) తేనెటీగల రొదలా వినిపిస్తుంది. పవర్ ఆంప్ ద్వారా అసలైన గిటార్ క్యాబినెట్‌కు పంపితే క్యాబ్ సిమ్యులేషన్‌ను ఆపివేయాలి. హీలిక్స్ వంటి మోడలర్లలో పి.ఏ.కూ క్యాబినెట్‌కూ వెళ్లే రెండు అవుట్‌పుట్‌లకూ వేర్వేరు దారులు ఇవ్వవచ్చు.

సోలో కోసం 3 డెసిబెల్స్ పెంపును ఆంప్ బ్లాక్ (మోడలర్‌లో ఆంప్లిఫయర్‌ను అనుకరించే భాగం) తర్వాతే ఉంచాలి. డిస్టార్షన్‌లో ఉన్న ఆంప్‌కు ముందు పెడితే శబ్దం కన్నా గరుకుదనమే ఎక్కువ పెరుగుతుంది. సౌండ్ ఇంజినీర్‌ను మీ లైన్‌పై 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకులకు కేబుల్ ద్వారా పంపే విద్యుత్) ఆపమని ముందే అడగండి. హమ్ (గుయ్‌మనే రొద) వస్తే గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్ గ్రౌండ్ కనెక్షన్‌ను తెంపే స్విచ్) నొక్కండి. ఒకే కేబుల్ ఇస్తున్నట్లయితే స్టీరియో కోరస్, డిలేలు మోనోలో (ఒకే చానెల్‌లో) ఎలా ఉన్నాయో ఇంట్లోనే విని చూసుకోండి.

సౌండ్‌చెక్‌లో గిటార్‌ను మరొకరికి ఇచ్చి, మీరు ప్రేక్షకుల మధ్యకు వెళ్లి వినండి. హాలు వల్ల వచ్చిన తేడాను గ్లోబల్ ఈక్యూతో (అన్ని ప్యాచ్‌లకూ ఒకేసారి వర్తించే స్వర సవరణతో) మాత్రమే దిద్దండి, ప్యాచ్‌లను ముట్టుకోవద్దు. కార్యక్రమం ముగిశాక ఆ ఈక్యూను మళ్లీ సున్నాకు తీసుకురండి.