ప్రాగ్ ట్రామ్ టూర్‌కి వెళ్తున్నారా? ఒక పూట 23కి ఉంచుకోండి

యూరప్‌లో ట్రామ్‌ల గ్రూప్ టూర్ బుక్ చేసుకునేవాళ్లు ప్రాగ్‌లో అద్దె ట్రామ్ ఎక్కి దిగేసి, చూసేశాం అనుకుంటారు. 23వ నంబరు ట్రామ్ లైన్ వదలకండి. 1960ల నాటి టాట్రా టీ3 డిజైన్ బండ్లు ఈ లైన్లో మామూలు టికెట్ మీదే తిరుగుతాయి. ఈ మోడల్ 13 వేలకు పైగా తయారైంది.

గుంపుగా ఒకే బండిలోకి ఎగబడకుండా ఇద్దరు ముగ్గురుగా విడిపోండి, స్థానికులకూ ఇబ్బంది ఉండదు. లైన్ ఒక చివర ఉన్న క్రాలోవ్కా స్టాప్‌లో ఎక్కితే సీటు దొరకడం తేలిక. ప్రాగ్ కోట స్టాప్ దాటాక బండి వంపులు తిరుగుతూ మలోస్ట్రాన్స్కా స్టాప్‌కి దిగుతుంది. అప్పుడు వెనక అద్దం దగ్గర నిలబడండి. ఆ తర్వాత లెటెన్స్కా వీధిలో కమాను కింద దారి ఎంత ఇరుకంటే, రెండు దిక్కుల పట్టాలూ ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. ఎదురు బండి వస్తుంటే ఆగాల్సిందే. నన్నడిగితే కోట కన్నా ఇదే చూడాలి!

ఫోటోకి బండి కుడివైపు నిలబడండి, తలుపులన్నీ అటే ఉంటాయి.

24 గంటల కాగితం టికెట్‌కి మొదటిసారి ఎక్కినప్పుడే మెషిన్‌లో ముద్ర వేయాలి, అదీ ఒక్కసారే. ఇంకో మాట: చెక్ దేశంలో జీబ్రా క్రాసింగ్ మీద కూడా ట్రామ్‌దే ముందు హక్కు. కెమెరాలో కన్ను పెట్టి పట్టాల మీదకి నడవకండి, గంట కొడతారు గానీ అంత బరువు బండి టక్కున ఆగదు.