క్విల్ట్ బ్యాటింగ్ సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

క్విల్ట్ అంటే రెండు గుడ్డల మధ్య దూది, ఉన్ని లేదా పాలిస్టర్ పొర పరిచి కుట్టే బొంత; ఆ లోపలి పొరే బ్యాటింగ్. పైపొర ముక్కలు కలపడానికి వారాలు వెచ్చించేవాళ్లు కూడా బ్యాటింగ్ దగ్గరికొచ్చేసరికి చేతికందిన రకం తెచ్చేస్తుంటారు. దూది గడ్డకట్టడం, పోగులు బయటికి పొడుచుకురావడం, ఉతికాక క్విల్ట్ ముడుచుకుపోవడం లాంటివన్నీ అక్కడే మొదలవుతాయి. వీటిలో కొన్నిటిని కుట్టేశాక కూడా సరిచేయొచ్చు. కొన్నిటికి మాత్రం ముందుజాగ్రత్త ఒక్కటే దారి.

లోపల దూది గడ్డలు కట్టింది, కొన్నిచోట్ల ఖాళీ అయింది

కుట్టు వరసల మధ్య ఆ బ్యాటింగ్ తట్టుకోలేనంత దూరం వదిలారన్నమాట. ఎంత దూరం వదలొచ్చో సాధారణంగా ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. పోగులను పట్టి ఉంచే ఆధారం ఏదీ లేని కాటన్ అయితే అది 2 నుంచి 4 అంగుళాలే కావచ్చు. నీడిల్ పంచ్ రకంలో సూదులతో గుచ్చి పోగులను పెనవేస్తారు. దానికి తోడు స్క్రిమ్ అనే పల్చటి ఆధారపు పొర కూడా ఉంటే 8 నుంచి 10 అంగుళాల దాకా వదలొచ్చు.

ఇంకా ఉతకలేదా? అయితే ఖాళీ ఎక్కువున్న చోట మధ్యలో మరో వరస కుట్టేయండి, సరిపోతుంది. ఉతికి గడ్డలు కట్టాక మాత్రం చేత్తో ఎంత సర్దినా దూది మళ్లీ సమంగా పరుచుకోదు. ఆ భాగం కుట్లు విప్పి బ్యాటింగ్ మార్చాల్సిందే. అందుకే డిజైన్ ముందు ఖాయం చేసుకుని, దానికి తగ్గ బ్యాటింగ్ తర్వాత కొనండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

గుడ్డలోంచి సన్నటి పోగులు బయటికొస్తున్నాయి

ముందు అవి నిజంగా లోపలి నుంచే వస్తున్నాయో లేదో చూడాలి. అంటుకునే టేపు ఒకసారి అద్ది తీయండి. టేపుతో వచ్చేస్తే అది పైన పడిన నూగు. గుడ్డలో పాతుకుని కదలకుండా ఉంటే బియర్డింగ్, అంటే బ్యాటింగ్ పోగులే నేతలోంచి జారి బయటికొస్తున్నాయి.

పాలిస్టర్‌లో ఇది ఎక్కువ, ఎందుకంటే దాని పోగు నున్నగా ఉండి సులభంగా జారుతుంది. ఉన్నిలో కూడా కనిపిస్తుంది. కానీ తప్పంతా బ్యాటింగ్‌ది కాకపోవచ్చు. పైగుడ్డ నేత వదులుగా ఉన్నా, మొద్దుబారిన సూది పోగులను తనతో లాక్కొచ్చినా ఇదే జరుగుతుంది. అతుకుల దగ్గర మాత్రమే పోగులు కనిపిస్తుంటే, అతుకును రెండు వైపులకీ విప్పి ఇస్త్రీ చేసి ఉంటారు. ఒక వైపుకే మడిచి ఇస్త్రీ చేస్తే అక్కడ గుడ్డ అడ్డుగా నిలుస్తుంది.

పోగును పట్టి లాగకండి. లాగితే వెనకాల ఇంకొన్ని వస్తాయి. గుడ్డకు ఆనించి కత్తిరించి, పైపొరను, అడుగుపొరను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఎడం చేయండి. మిగిలిన కొస లోపలికి పోతుంది. ముదురు రంగు క్విల్ట్ అయితే మొదటే నల్ల బ్యాటింగ్ తీసుకోవడం మేలు, ఒకటీ అరా పోగు బయటికొచ్చినా కంటికి కనపడదు.

మొదటి ఉతుకుకే ముడుచుకుపోయింది

చాలా కాటన్ బ్యాటింగ్‌లు 3 నుంచి 5 శాతం కుదించుకుపోతాయి. 60 అంగుళాల క్విల్ట్‌లో 5 శాతమంటే 3 అంగుళాలు. గుడ్డలను ముందే ఉతికి, బ్యాటింగ్‌ను ఉతక్కుండా వాడితే లోపలిది తగ్గిపోతుంది, పైది తగ్గదు, ఆ తేడా ముడతలుగా తేలుతుంది. పాత క్విల్ట్‌లా కనిపిస్తుందని ఆ ముడతలు కావాలని కోరుకునేవాళ్లూ ఉన్నారు. మీకు వద్దనుకుంటే ముందే నానబెట్టాలి.

లేబుల్ అనుమతిస్తేనే ఆ పని చేయండి. గోరువెచ్చటి నీళ్లలో బ్యాటింగ్‌ను ముంచి, చేత్తో నొక్కుతూ తడపండి. రుద్దడం, పిండడం, మెషీన్‌లో తిప్పడం వద్దు. ఆధారం లేని కాటన్ అలా చేస్తే తునకలైపోతుంది. నీళ్లు తీసేశాక టవల్‌తో అద్ది, ఎత్తేటప్పుడు కింద చేతులు పెట్టి మొత్తం బరువు మోస్తూ తీసి, పరిచి ఆరబెట్టండి. పాలిస్టర్‌కు ఇదేమీ అక్కర్లేదు. ఉన్ని విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, వేడికి, రాపిడికి అది గట్టిపడిపోతుంది.

నా సలహా, పెద్ద క్విల్ట్ మొదలుపెట్టే ముందు 12 అంగుళాల చదరం ఒకటి అదే గుడ్డ, అదే బ్యాటింగ్‌తో కుట్టి, మీరు ఎప్పుడూ ఉతికే పద్ధతిలోనే ఉతికి ఆరబెట్టి కొలవండి. పదకొండున్నరకు వస్తే 4 శాతం పోయినట్టు. పోగులు బయటికొస్తాయా, కుట్ల మధ్య పొంగు మీకు నచ్చిందా అన్నదీ ఆ ముక్కలోనే తేలిపోతుంది.

తెల్లగుడ్డ కింద చుక్కలు కనిపిస్తున్నాయి

బ్లీచ్ చేయని కాటన్‌లో పత్తిగింజల పొట్టు నలుసులు ఉంటాయి. తెలుపు, లేత రంగులకు బ్లీచ్ చేసిన తెల్ల బ్యాటింగ్ వాడండి. కుట్టేశాక దీన్ని సరిచేసే దారి లేదు.

మధ్యలో గట్టులా తగులుతోంది

రెండు బ్యాటింగ్ ముక్కలను ఒకదాని మీద ఒకటి పెట్టి అతికినట్టున్నారు. అంచుకు అంచు ఆనించి, వెడల్పాటి జిగ్‌జాగ్ కుట్టుతో కలపాలి. ఇంకా బాగా కలిసిపోవాలంటే, రెండు ముక్కలను కొన్ని అంగుళాలు ఒకదానిపై ఒకటి పరిచి, రెండిటినీ కలిపి వంకరగీతగా కత్తిరించండి. కోసిన పేలికలు తీసేస్తే అంచులు సరిగ్గా జోడవుతాయి. రెండూ ఒకే రకం, ఒకే మందం కావాలి, లేకపోతే ఒక్కో వైపు ఒక్కోలా కుంచించుకుపోతుంది.

అంచుల దగ్గర బ్యాటింగ్ చాలలేదు

కుట్టేకొద్దీ పొరలు లోపలికి లాక్కుంటాయి. నాలుగు వైపులా పైపొర కంటే 4 అంగుళాలు ఎక్కువ ఉంచితే టెన్షన్ ఉండదు.

ప్యాకెట్ మడతలు పోవడం లేదు

రాత్రంతా విప్పి పరిచి ఉంచండి. తొందరగా కావాలంటే, తడిపి పిండిన చిన్న గుడ్డతో కలిపి డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పండి. కాటన్‌కు ఆవిరి ఇస్త్రీ పనికొస్తుంది, పాలిస్టర్ మీద వేడి ఇస్త్రీ పెట్టొద్దు, కరిగి అణిగిపోతుంది.

చేతికుట్టుకు సూది దిగడం లేదు

స్క్రిమ్ ఉన్న దట్టమైన కాటన్‌లో సూది మొరాయిస్తుంది, వేళ్లు నొప్పి పుడతాయి. చేతితో కుట్టేవాళ్లకు ఉన్ని గానీ పల్చటి పాలిస్టర్ గానీ హాయిగా ఉంటుంది. స్క్రిమ్ ఉన్నదే వాడాల్సివస్తే ఆ వైపును అడుగుగుడ్డ మీదకు వచ్చేలా పరచండి.