అంబాసిడర్‌కి ఎక్స్‌ట్రా మీటర్లు పెట్టాలంటే డ్యాష్‌బోర్డ్‌కి కన్నం పెట్టక్కర్లేదు

అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు ఎవరింట్లో ఉన్న బండి అయినా, దాని డ్యాష్‌బోర్డ్‌కి ఒకసారి కన్నం పడితే అది అలా ఉండిపోవాల్సిందే, పాత సామాన్ల షాపుల్లో వెతికినా మంచిది దొరకడం చాలా కష్టం. అందుకే ముందే చెబుతున్నాను, డ్రిల్లు పట్టుకుని డ్యాష్‌బోర్డ్ దగ్గరికి వెళ్లకండి. మీటర్లు దాని కింద వేలాడే చిన్న పట్టీ మీద బిగించుకోవచ్చు, రేపు వద్దనుకుంటే రెండు స్క్రూలు విప్పితే బండి మళ్లీ ఎప్పటిలా ఉంటుంది.

నేను చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి, అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ ఇంజన్. డీజిల్ బండి ఉన్నవాళ్లకి, ఇసుజు ఇంజన్ ఉన్నవాళ్లకి వైరింగ్ వరకు ఇదే పద్ధతి, సెన్సార్ పెట్టే చోటు మాత్రం వేరు.

మూడు మీటర్లు చాలు: ఆయిల్ ప్రెషర్, టెంపరేచర్, వోల్ట్ మీటర్. ఈ మూడింట్లో ఒక్కటే కొనగలిగితే ఆయిల్ ప్రెషర్ మీటర్ కొనండి, ఎందుకంటే బండిలో ఉన్న ఆయిల్ ఎర్ర లైటు వెలిగేది ప్రెషర్ దాదాపు పూర్తిగా పోయాకే, అప్పటికి బేరింగులకి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉండొచ్చు. కరెంటు ఎన్ని ఆంప్స్ పోతోందో చూపే యామ్ మీటర్ మాత్రం వద్దు. స్టార్టర్ మోటారుది తప్ప బండిలో కరెంటంతా దాని గుండానే పోవాలి, అంత లావు వైరు డ్యాష్‌బోర్డ్ వెనక్కి తీసుకొచ్చి ఎక్కడైనా అది బాడీకి తగిలితే మంటే.

ఎక్కువగా దొరికే సైజు 52 మిల్లీమీటర్లు. ముందు అట్టముక్క మీద మూడు గుండ్రాలు గీసి కత్తిరించి, టేపుతో డ్యాష్‌బోర్డ్ కింద అంటించి, డ్రైవర్ సీట్లో కూర్చుని క్లచ్ తొక్కి చూడండి, మోకాలు తగులుతుందేమో, స్టీరింగ్ దగ్గర గేర్ రాడ్ ఉన్న బండైతే రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడండి. సరిపోయాక అదే కొలతకి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు కోయించుకోండి. ఆటోనగర్‌లోనో, రాణిగంజ్‌లోనో లేత్ పనివాళ్లకి అట్ట చూపిస్తే చాలు.

కొనేటప్పుడు మీటరు, సెన్సారు ఒకే జతగా తీసుకోండి, ఇది చాలా ముఖ్యం. ప్రెషర్ పెరిగేకొద్దీ వీడీఓ (జర్మన్ కంపెనీ) రకం ప్రెషర్ సెన్సార్ రెసిస్టెన్స్ 10 ఓమ్‌ల నుంచి 180 ఓమ్‌లకి పెరుగుతుంది, అమెరికన్ రకం 240 నుంచి 33కి తగ్గుతుంది. ఒకదాని మీటరుకి ఇంకోదాని సెన్సార్ తగిలిస్తే ప్రెషర్ పెరిగేకొద్దీ ముల్లు కిందికి దిగుతుంది. సెన్సార్ మరలు కూడా చూసుకోండి, ఎనిమిదో వంతు అంగుళం సైజులో ఎన్‌పీటీకి (అమెరికన్ పైపు మర) అంగుళానికి 27 మరలు, బీఎస్‌పీకి (బ్రిటిష్ పైపు మర) 28. ఒకదాని చోట ఇంకోటి పెట్టినా మొదటి రెండు చుట్లు చక్కగా ఎక్కుతాయి, మూడో చుట్టుకి బిగుసుకుంటుంది, అక్కడ బలం పెడితే ఇంజన్ బ్లాక్‌లోని మరలు పోతాయి. చేత్తో నాలుగైదు చుట్లు తేలిగ్గా తిరగనిదే స్పానర్ పెట్టొద్దు.

టెంపరేచర్ మీటర్‌ని బిగించే ముందు వంటింట్లో పరీక్షించండి. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, సెన్సార్ మొన మాత్రం మునిగేలా తీగతో వేలాడదీసి, మీటరుకి బ్యాటరీ నుంచి ప్లస్, మైనస్, మీటరు నుంచి సెన్సార్‌కి వైరు, సెన్సార్ బాడీకి మైనస్ ఇచ్చి చూడండి. నీళ్లు తెర్లుతుంటే విజయవాడలో 100, హైదరాబాద్ కాస్త ఎత్తులో ఉంది కాబట్టి 98 దగ్గర ముల్లు నిలబడాలి. ఐదారు డిగ్రీలు తేడా చూపిస్తే పర్లేదు, ఆ తేడా గుర్తుపెట్టుకుంటే చాలు. ఇరవై తేడా వస్తే షాపుకి తిరిగిచ్చేయండి.

ఇక బండి దగ్గరికి. ముందు బ్యాటరీ తీగ తీసేయండి. తీసేటప్పుడే ఏ తీగ బాడీకి వెళ్తోందో చూడండి, ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బండ్లలో పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ తీగ బాడీకి వెళ్లడం) మామూలే, అలా ఉంటే ఇవాళ్టి మీటర్లు నేరుగా పెట్టకూడదు.

ఆయిల్ ప్రెషర్ సెన్సార్ చోటు బ్లాక్‌కి ఆయిల్ ఫిల్టర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న వైపు ఉంటుంది. ఎర్ర లైటు వెలిగించే పాత స్విచ్ తీసేయకుండా ఇత్తడి టీ జాయింట్ (మూడు నోళ్ల గొట్టం) పెట్టి రెండూ బిగించండి. కానీ బరువైన సెన్సార్‌ని టీ మీద నేరుగా నిలబెడితే ఇంజన్ అదురుకి ఏదో ఒకరోజు ఇత్తడి పగిలి ఆయిలంతా రోడ్డు మీద పోతుంది. టీని చిన్న ప్రెషర్ హోస్ చివర పెట్టి, బాడీకి క్లాంపు వేయండి, అప్పుడు దానికి విడిగా ఎర్త్ వైరు కూడా ఇవ్వాలి. సెన్సార్ నేరుగా బ్లాక్‌కే బిగిస్తే దాని ఎర్త్ మరల గుండానే వస్తుంది, టెఫ్లాన్ టేపు చుట్టలు చుట్టలుగా వేయకండి.

టెంపరేచర్ సెన్సార్‌కి థర్మోస్టాట్ దగ్గర, హెడ్‌లో ఉన్న చోటే మంచిది. పైన రేడియేటర్ హోస్ కోసి మధ్యలో పెట్టే అడాప్టర్లు దొరుకుతాయి, సులువే, కానీ నీళ్లు తగ్గిపోయినప్పుడు సెన్సార్ గాలిలో ఉండి తక్కువ చూపించే ప్రమాదం ఉంది, అంటే సరిగ్గా అవసరమైన రోజే అది మోసం చేస్తుంది.

వైరింగ్‌కి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటు టెస్ట్ ల్యాంపుతో పట్టుకోండి, అక్కడి నుంచి 3 ఆంప్స్ ఫ్యూజ్ విడిగా పెట్టి మూడు మీటర్లకీ పంచండి. బండిలో ఉన్న పాత ఫ్యూజులు చాలా పెద్దవి, మీ సన్న వైరు కాలి బూడిదైనా అవి పోవు. మీటర్ల లోపలి లైట్లకి పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకోండి. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే ప్రతి వైరూ రబ్బరు గ్రోమెట్ గుండానే రావాలి, ఒట్టి రేకు అంచు ఏడాదిలో వైరుని కోసేస్తుంది. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి మానేయండి, మే నెల ఎండకి జిగురు కారిపోయి టేపు ఊడొస్తుంది, క్రింప్ చేసి స్లీవు తొడగండి.

ఎర్త్ కోసం బాడీ మీద రంగు గీకి మెరిసే రేకు కనిపించాకే బోల్టు వేయండి. హెడ్‌లైట్ వేయగానే మూడు ముళ్లూ ఒకేసారి కదిలాయంటే మీటర్లు మంచివే, ఎర్త్ సరిగా లేదని అర్థం.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు పది సెకన్లలో ప్రెషర్ రాకపోతే వెంటనే ఆపేయండి. ఈ కుటుంబం ఇంజన్లలో బాగా వేడెక్కాక ఐడిల్‌లో 15 నుంచి 25 పీఎస్ఐ (ప్రెషర్ కొలత), రోడ్డు మీద 50 దగ్గర ఉంటే హాయిగా తిరగొచ్చు. చల్లగా ఉన్నప్పుడు 70 చూపిస్తే టెన్షన్ పడకండి, ఆయిల్ చిక్కగా ఉంది, అంతే. వోల్ట్ మీటర్ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.5 చుట్టుపక్కల, ఆల్టర్నేటర్ బండిలో నడుస్తుంటే 14 దగ్గర ఉండాలి. ఆల్టర్నేటర్ బదులు పాత రకం డైనమో ఉన్న బండైతే సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో 12కి దిగుతుంది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే లేస్తే సరే.

వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి బానెట్ ఎత్తి టీ జాయింట్ చుట్టూ తెల్ల గుడ్డతో తుడవండి. మరక అంటితే పావు చుట్టు బిగించి, ఇంకో వంద తిరిగాక మళ్లీ చూడండి.