మే నెల కర్తరి ఎండలు రాకముందే పడమటి కిటికీ సంగతి చూసుకోండి

మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మీ ఇంట్లో పడమటి కిటికీకి వేసిన కర్టెన్ మీద ఒకసారి అరచెయ్యి పెట్టి చూడండి. అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా చుర్రుమంటే, ఆ గుడ్డ ఎండని పీల్చుకుని మీ గదిలోకి వదులుతోందని అర్థం. నాకు ఈ సంగతి తెలిసేసరికి ఒక వేసవి అంతా గడిచిపోయింది.

మాది విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. అమ్మ పడుకునే గదికి పడమటి వైపు పెద్ద కిటికీ ఉంది. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో దానికి ముదురు మెరూన్ రంగు బ్లాకవుట్ కర్టెన్లు కొన్నాను. "ఎండ చుక్క కూడా లోపలికి రాదు మేడమ్" అన్నాడు షాపులో అబ్బాయి. అతను చెప్పినట్టే రాలేదు. పట్టపగలు లైటు వేసుకోవాల్సి వచ్చేది. గది మాత్రం కుంపటిలా ఉండేది. ఏసీ ఇరవైలో పెట్టినా నాలుగయ్యేసరికి అమ్మ హాల్లోకి వచ్చి ఒట్టి నేల మీద పడుకునేది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి అలా చాప కూడా లేకుండా పడుకోవడం చూశాక, దీని సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది.

వెలుతురు ఆగడం వేరు, వేడి ఆగడం వేరు. మన ఇళ్లలో ఉండే మామూలు అద్దం తన మీద పడిన ఎండ వేడిలో నూటికి ఎనభై పాళ్ల దాకా లోపలికి పంపేస్తుంది. లోపల ముదురు గుడ్డ ఉంటే అది ఆ వేడిని తాగి కాగుతుంది. ఎండని తేలిగ్గా లోపలికి రానిచ్చిన అద్దమే, కాగిన గుడ్డ నుంచి వచ్చే వేడిని తిరిగి బయటికి పోనివ్వదు. ఎండలో అద్దాలెత్తి పెట్టిన కారు లోపల జరిగేది ఇదే. అందుకని ఎండని అద్దానికి బయటే ఆపాలి. లోపలి కర్టెన్ ఎంత ఖరీదైనదైనా రెండో కాపలా మాత్రమే. పడమటి కిటికీకి బయట పందిరిలా నీడ కడితే ఎండ వేడి 77 శాతం దాకా తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. వెనక తెల్లటి ప్లాస్టిక్ పూత ఉన్న మధ్యరకం రంగు కర్టెన్ లోపల వేస్తే 33 శాతం తగ్గుతుందట. మన ఎండకీ మన గోడలకీ ఈ అంకెలు అటూ ఇటూ కావచ్చు. బయటి నీడదే పైచేయి అన్నది మాత్రం ఎక్కడైనా ఒకటే.

ముందు ఏ కిటికీ?

చాలామంది డబ్బంతా హాలు కిటికీకి పెట్టేస్తారు, వచ్చినవాళ్లకి కనిపించేది అదే కాబట్టి. దానికంటే ముందు ఇంట్లో తూర్పు పడమరలు చూసుకోండి. మే మొదటి వారంలో విజయవాడకి, ఆ తర్వాత కొద్ది రోజులకే హైదరాబాద్‌కి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఆ మండే నెలల్లో దక్షిణపు కిటికీలోకి నేరుగా ఎండ పడేది దాదాపు లేదు. ఆ కిటికీలోకి ఎండ వచ్చేది చలికాలంలో, అప్పుడు మనకి అది హాయి. వేసవిలో దాని మీద పెట్టే ఖర్చు వృథా.

దెబ్బ కొట్టేది పడమర. తూర్పు ఎండ కూడా ఏటవాలుగా లోపలికి దూసుకొస్తుంది గానీ, అప్పటికి గోడలు రాత్రి చల్లదనంలో ఉంటాయి. పడమటి ఎండ వచ్చేసరికి గాలి, గోడ, పైకప్పు అన్నీ కాగి ఉంటాయి. పైగా సూర్యుడు దిగే కొద్దీ ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి కిటికీ మీది సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. ఇంకొకటి చాలామంది గమనించరు. మే, జూన్ నెలల్లో సూర్యుడు అస్తమించేది పడమరకి బాగా ఉత్తరంగా. ఉత్తరపు కిటికీ ఎప్పుడూ చల్లనే అనుకుంటాం గానీ, సాయంత్రం ఐదింటికి దాని మీద కూడా ఎండ పడుతుంది. ఒక రోజంతా ఇంట్లో ఉండి ఏ గంటకి ఏ కిటికీ మీద ఎండ ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూసుకున్నాకే షాపుకి వెళ్లండి.

బయట కట్టే తడికలు

నేను చివరికి వేయించింది వెదురు తడిక, చుట్టి పైకి కట్టుకునే రకం. గ్రిల్‌కి బయట, అద్దానికీ తడికకీ మధ్య జానెడు ఖాళీ ఉండేలా. ఆ ఖాళీ ముఖ్యం. మధ్యలో గాలి ఆడితే తడిక తాగిన వేడి బయటే పోతుంది. అద్దానికి అతుక్కుని ఉంటే సగం ఫలితం పోతుంది. వెదురు దొరక్కపోతే గ్రీన్ నెట్ అయినా మంచిదే. దాని మీద 50, 75, 90 అని ఉండే అంకె ఎంత శాతం నీడ ఇస్తుందో చెబుతుంది. పడమటి కిటికీకి 75కి తగ్గనివ్వకండి.

ఇక్కడే అసలు జాగ్రత్త కావాలి. ఎండలు ముదిరే నెలల్లోనే మనకి ఈదురుగాలులు కూడా వస్తాయి. కిందటి మే నెలలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. కింద కట్టకుండా వదిలేసిన మా తడిక గ్రిల్‌కి టపటపా కొట్టుకుని, ఒక పక్క తాడు తెగి, మూడో అంతస్తు నుంచి ఒంటి తాడు మీద వేలాడింది. కింద పార్కింగ్‌లో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. నేను పరుగెత్తి దాన్ని లోపలికి లాక్కునేదాకా నా గుండె నా దగ్గర లేదు. ఆ రోజు తర్వాత పైన నాలుగు చోట్ల, కింద రెండు చోట్ల జీఐ వైరుతో (జింకు పూత ఉన్న ఇనప తీగతో) కట్టించాను. కొబ్బరి తాడుని నమ్మకండి, ఒక ఎండకే పెళుసెక్కుతుంది. పైఅంతస్తుల్లో ఉన్నవాళ్లు మబ్బు పట్టగానే తడిక చుట్టి కట్టేయడం అలవాటు చేసుకోండి. ఊరికి వెళ్తుంటే చుట్టి కట్టాకే తాళం వేయండి. బయటికి వంగి మీరే కట్టుకోవాలని మాత్రం చూడొద్దు. ఆ పని తెలిసినవాళ్లతో, నడుముకి తాడు కట్టించి చేయించండి.

గ్రీన్ నెట్ కట్టేటప్పుడు ఏసీ బయటి యూనిట్‌ని దానితో కప్పేయకండి. అది వేడిగాలి వదలడానికి చోటు లేకపోతే కరెంటు ఎక్కువ తాగుతుంది, కంప్రెసర్ దెబ్బతింటుంది. పావురాల బెడద ఉన్నచోట తడిక వెనక వారానికోసారి చూడాలి. ఒకసారి గూడు పెట్టాయంటే పిల్లలు ఎగిరిపోయేదాకా కదిలించడానికి మనసు రాదు.

వట్టివేళ్ల తడికలు అందరికీ పనికిరావు

వట్టివేళ్ల తడిక మీద నీళ్లు చల్లితే వచ్చే ఆ మట్టి వాసన నాకు ప్రాణం. అయితే అది చల్లబరిచేది నీళ్లు ఆవిరై వేడిని లాక్కోవడం వల్ల. గాలి పొడిగా ఉంటేనే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. రామగుండం, నల్లగొండ, రెంటచింతల, కర్నూలు లాంటి చోట్ల వడగాలి ఎంత పొడిగా ఉంటే తడిక అంత బాగా పనిచేస్తుంది. విశాఖలోనో కాకినాడలోనో సముద్రపు ఉక్కపోత ఉన్న రోజున అదే తడిక గదిని ఇంకా ఉక్క చేస్తుంది. వాడేటప్పుడు ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి, గాలి వచ్చి పోవాలి. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో తడిపిన తడిక పెట్టకండి, ఆ చెమ్మ లాగడానికే ఏసీ సగం శక్తి పోతుంది. పక్కన స్విచ్‌బోర్డు, ప్లగ్గు ఉంటే నీళ్లు చల్లే పనే పెట్టుకోవద్దు. రాత్రికి పూర్తిగా ఆరనివ్వకపోతే బూజు పడుతుంది. ఆయాసం ఉన్నవాళ్లున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

లోపలి కర్టెన్ కొనేటప్పుడు

గదిలోకి కనిపించే వైపు ఏ రంగైనా మీ ఇష్టం. అద్దం వైపు తెలుపు ఉండాలి. మెరూన్ కర్టెన్లు పారేయలేక, టైలర్‌తో వెనక తెల్లటి మందపాటి కాటన్ అస్తరు వేయించాను. చెయ్యి పెట్టి చూస్తే తేడా తెలిసింది. కొత్తవి కొంటే, గుడ్డ ఎంత దట్టంగా ఉందో తెలియడానికి వెనక ఫోన్ టార్చి వేసి చూడండి. పూత ఉన్న గుడ్డ అయితే ఒక మూల మడిచి గోరుతో గీకండి. పొడి రాలితే రెండు ఉతుకులకి పోతుంది.

కొలత దగ్గర చాలామంది పొరబడతారు. కిటికీకి సరిగ్గా సరిపడా కాకుండా, అటూ ఇటూ అరడుగు గోడ మీదికి వచ్చేలా, కింద నేలకి తగిలేలా కుట్టించండి. గుడ్డకీ అద్దానికీ మధ్య కాగిన గాలి పైకి లేచి రాడ్ మీదుగా గదిలోకి వస్తుంది. ఆ పై సందుని చెక్క పెల్మెట్‌తో మూయిస్తే చాలావరకు ఆగుతుంది.

అద్దానికి సన్ ఫిల్మ్ వేయించాలనుకునేవాళ్లు మరీ నల్లటిది ఎంచుకోకండి. అది వేడి తాగి అద్దాన్ని కాల్చేస్తుంది. ఒక భాగం ఎండలో, ఒక భాగం నీడలో ఉన్న అద్దం అంచుల్లో పగులు రావచ్చు. అంచు చిట్లిన పాత అద్దానికి అసలు వద్దు.

పసిపిల్లలున్న ఇంట్లో లాగే తాడున్న బ్లైండ్స్ తేకండి. ఆ తాడు మెడకి చుట్టుకుని పిల్లలు చనిపోయిన ఘటనలు ఎన్నో జరిగాయి కాబట్టే అమెరికాలో 2018 చివరి నుంచి షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మేవి తాడు లేకుండానో, తాడు చేతికి అందకుండానో రావాలని నియమం పెట్టుకున్నారు. ఇప్పటికే ఉంటే తాడుని ఐదడుగుల ఎత్తున కొక్కేనికి చుట్టి పెట్టండి, మంచం గానీ కుర్చీ గానీ ఆ కిటికీ కింద ఉంచకండి. వంటింటి కిటికీకి, దీపం పెట్టే చోటికి దగ్గరగా సింథటిక్ గుడ్డ వద్దు.

ఇవన్నీ అమర్చుకున్నా వేళ తప్పితే లాభం లేదు. తెల్లవారుజామున కిటికీలన్నీ తీసి చల్లగాలి రానివ్వండి. ఎనిమిదింటికల్లా తూర్పువి, పన్నెండు లోపే పడమటివి మూసి తడిక దించేయాలి. మూడింటికి ఎండ పడ్డాక పరుగెత్తి దించితే అప్పటికే అద్దం కాగి ఉంటుంది. అలా చేసిన మొదటి వేసవిలో అమ్మ గదిలో ఏసీ 26లో పెట్టినా చాలింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్లు చెబుతారు.

బిల్లు కంటే నాకు పెద్ద విషయం ఇంకొకటి ఉంది. 2015 మేలో వడగాడ్పులకి మన రెండు రాష్ట్రాల్లో దాదాపు రెండు వేల మంది పోయారు. ముసలివాళ్లకి నీడపట్టున ఉన్నా ముప్పే, ఆ గదే కాగిపోతుంటే. మీ ఇంట్లో పెద్దవాళ్లు పడమటి గదిలో ఉంటే, తడిక కట్టించేదాకా, ఎండలు ముదిరే రెండు నెలలూ మంచం వేరే గదిలోకి మార్చండి.

తడికల పనివాళ్లకి ఏప్రిల్ చివర్లో తీరిక ఉండదు, కాబట్టి ఉగాదిలోపే చెప్పి పెట్టుకోండి. మృగశిర కార్తెలో తొలకరి పడగానే తడిక విప్పించి, దుమ్ము దులిపి, ఒకటి రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, చుట్టి అటక మీద పెట్టేయండి. వానలో వేలాడిందంటే మళ్లీ వేసవికి పుచ్చిపోతుంది.